అత్తగారు అంకెలు చదివిన బొమ్మ

రిటైరైన మొదటి వారం నేను వంటింటి అల్మారాలు సర్దాను. పెద్ద గిన్నెలు కింద, చిన్నవి పైన, మూతలన్నీ ఒకచోట. నీళ్ళ పైపులు, పంపులు, వాల్వులు చూసుకుంటూ ఉద్యోగమంతా గడిపిన ఇంజినీరుని. ఏది ఎక్కడ ఉండాలో నాకు తెలియదా? మా ఆవిడ క్లినిక్ నుంచి వచ్చి, టీ గిన్నె కోసం ఇల్లంతా వెతికి, అన్నిటినీ పాత చోట్లకే చేర్చింది. రెండో వారం పెరట్లో స్ప్రింక్లర్లు విప్పి బాగుచేశాను. అవి అంతకుముందు బాగానే పనిచేసేవి. మూడో వారం ఆవిడ మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి, నాకు వినపడేలాగే, "మీ నాన్నగారిని ఏదో ఒక పనిలో పెట్టవే తల్లీ. లేకపోతే నేను క్లినిక్‌లోనే పక్క వేసుకుంటాను" అంది.

మా అమ్మాయికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. "లీవ్ ఇట్ విత్ మీ, మమ్" అంది. కొన్నాళ్ళకి పెర్త్ శివార్లలో, కానింగ్ వేల్‌లోని మా ఇంటి గుమ్మం ముందు ఒక అట్టపెట్టె దిగింది.

విప్పి చూస్తే ఒక కాన్వాసు, మూడు కుంచెలు, బొటనవేలంత ఉన్న బోలెడు రంగుల డబ్బాలు. కాన్వాసు మీద బొమ్మ లేదు. లేతగీతలతో ముక్కలు ముక్కలుగా విడగొట్టిన గళ్ళున్నాయి. ఒక్కో గడిలో ఒక్కో అంకె. డబ్బా మూత మీద ఏ అంకె ఉంటే, ఆ రంగు ఆ అంకె ఉన్న గళ్ళలో నింపాలి. అన్నీ నింపేస్తే పెట్టె మీద ఉన్న బొమ్మ వస్తుందట. ఒక వాగు, వాగు ఒడ్డున ఎర్ర పెంకుల ఇల్లు, ఇంటి వెనక చెట్లు, నీళ్ళలో నాలుగు బాతులు.

"ఇది ఎల్‌కేజీ పిల్లలకిచ్చే పని" అన్నాను మా అమ్మాయితో ఫోన్లో.

"జస్ట్ గివ్ ఇట్ ఎ గో, డాడ్. ఇట్స్ రిలాక్సింగ్."

నాకు రిలాక్సేషన్ అక్కర్లేదని, నేనేమీ అలిసిపోలేదని, అలిసిపోయేంత పని ఎవరూ ఇవ్వకపోవడమే నా బాధ అని చెప్పాను. అటునుంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ నవ్వలేదు. ఆ కిట్టుని భోజనాల బల్ల మీద కిటికీ వైపు పరిచి, నా కుర్చీ దాని ముందుకి జరిపి, క్లినిక్‌కి వెళ్ళిపోయింది.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆవిడ కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉంది.

మా అత్తగారిది కాకినాడ. పాతకాలపు పద్ధతి మనిషి. ఆవిడ పద్ధతిలో అత్తగారు అల్లుడికి ఎదురుపడి కూర్చోదు, అల్లుడితో నేరుగా మాట్లాడదు. అది అలక కాదు, గౌరవం. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నాతో చెప్పాల్సిందల్లా మా ఆవిడతోనే చెప్పింది. నేను చేయిచాస్తే అందేంత దూరంలో నిలబడి, "అబ్బాయిగారు ఇంకో గారె వేసుకుంటారేమో అడగవే" అనేది. నేను "చాలని చెప్పు" అనేవాణ్ణి. మధ్యలో మా ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది, తరవాత అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే హాయిగా కూడా ఉండేది. అత్తగారితో ఏం మాట్లాడాలో తెలియని అల్లుళ్ళకి అంతకంటే మంచి ఏర్పాటు మనవాళ్ళు కనిపెట్టలేదు.

చిక్కంతా నేను రిటైరయ్యాక వచ్చింది. పగలంతా మా ఆవిడ క్లినిక్‌లో, ఇంట్లో మేమిద్దరం. మధ్యవర్తి లేదు. దానికి అత్తగారే ఒక దారి కనిపెట్టింది. మా పెరట్లోకి రోజూ ఒక మ్యాగ్‌పై వచ్చేది. నల్ల ఒంటి మీద తెల్ల మచ్చలతో, కాకి కంటే బలంగా ఉంటుంది. మా అత్తగారు దాన్ని కాకి అనే పిలిచేది, కాస్త అన్నం కూడా పెట్టేది. అది వరండాలో, జాలీ తలుపు అవతల నిలబడి ఇంట్లోకి తొంగిచూసేది. "ఓసే కాకీ, కాఫీ చల్లారిపోతోందని అబ్బాయిగారితో చెప్పవే" అనేది ఆవిడ వంటింట్లోంచి. నేనూ తగ్గలేదు. "వస్తున్నానని చెప్పు" అనేవాణ్ణి దానితోనే. ఆ పక్షి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. మా ఆవిడ కంటే ఓపికగా వినేది కూడా.

మా అత్తగారు ఇక్కడే ఉండిపోవాలని మా ఆవిడ ఆశ. వీసా పనులన్నీ అయిపోయాయి. ఇక ఆవిడ 'ఊఁ' అనడమే తరువాయి. మా ఆవిడ రోజూ అడిగేది. ఆవిడ రోజూ "చూద్దాంలే" అనేది. "కొడుకు నిక్షేపంలా మేడలో ఉండగా అల్లుడింట్లో కూర్చుని తినడమేవిటే? నలుగురూ ఏవంటారు?" అనేది ఒక్కోసారి.

ఒక సాయంత్రం వంటింట్లో మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఉల్లిపాయలు తరుగుతోంది గనక మొదట నేను పట్టించుకోలేదు.

"అమ్మ ఉంటే, నేను ఇంటికొచ్చి కారు దిగేసరికి పోపు వాసనొస్తుందండీ" అంది. "పొద్దుట్నించీ అందరి రోగాలూ విని వస్తానా, గుమ్మంలోనే 'ఏం తిన్నావే' అని అడుగుతుంది. ఆ మాట నన్నింకెవరడుగుతారు? వెళ్ళిపోతుందేమోనని భయంగా ఉంది."

"ఉండమనవే. నేను వద్దన్నానా?" అన్నాను.

చాలా ఉదారంగా మాట్లాడాననే అనుకున్నాను.

సరే, బొమ్మ సంగతికొస్తాను. మొదలుపెట్టే ముందే మా అత్తగారు పెట్టె మూలన కుంకుమ బొట్టు పెట్టింది. ఇంట్లోకి కొత్తగా ఏది వచ్చినా, కారైనా ఫ్రిజ్ అయినా, ఆవిడ బొట్టు పెట్టకుండా వదలదు. ఆ కుంకుమ కాస్తా నా చేతికంటి, కాన్వాసు మీద ఆకాశం పడాల్సిన చోట ఒక ఎర్రటి వేలిముద్ర పడింది. పోన్లే, దాని మీద రంగు పడుతుందని సర్దుకున్నాను.

ఎల్‌కేజీ పని అన్నానే, ఆ మాట మొదటిరోజే వెనక్కి తీసుకున్నాను. ఆ గళ్ళు ఆవగింజలంత. ఆ అంకెలు చీమ తలకాయంత, అవీ లేత బూడిద రంగులో. కళ్ళజోడు పెట్టుకున్నా నాకు మూడుకీ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. ఇంటి పైకప్పు వేస్తున్నాననుకుని ఒక బాతుకి ఎర్రరంగు వేశాను. వాగు మధ్యలో ఒక పెంకు తేలుతోందేమిటని మా ఆవిడ అడిగింది. అయినా నాకు మొండితనం ఎక్కువ. ఒక అంకెల బొమ్మ నన్ను ఓడిస్తుందా అని రోజూ కాఫీ అవగానే కూర్చునేవాణ్ణి. అలా కొన్ని వారాలకి ఇల్లు లేచింది, ఒడ్డు వచ్చింది, చెట్లు సగం వచ్చాయి.

అప్పుడు జరిగింది ఘోరం.

ఒకరోజు కుళాయి వాషర్ కొనడానికి బజారుకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా బల్ల అద్దంలా తుడిచి ఉంది. రంగుల డబ్బాలు లేవు. సింకు పక్కన గిన్నెలు ఆరబెట్టే స్టాండులో బుల్లి బుల్లి డబ్బాలన్నీ శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన మూడు జాం సీసాలు. ఒకదాంట్లో పచ్చరంగు, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో గోధుమరంగు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మన ఇళ్ళలో కందిపప్పు రెండు డబ్బాల్లో సగం సగం ఉంటే ఊరుకుంటారా? ఒకదాంట్లోకి ఒంపేసి రెండోది కడిగేస్తారు. మా అత్తగారు అదే చేసింది. అడుగున కాస్త కాస్త రంగు మిగిలిన డబ్బాలు ఇన్ని ఎందుకని, పచ్చలన్నీ పచ్చలో కలిపింది, నీలాలన్నీ నీలంలో కలిపింది. జోడీ లేని తెలుపు, నలుపు, పసుపు డబ్బాల్ని మాత్రం అల్మారాలో పెట్టింది. కంపెనీవాళ్ళు చెట్ల కోసం ముదురు, లేత, నడిమి అంటూ ఎన్నో రకాల పచ్చలు పంపితే, ఆవిడ చేతిలో పడి అన్నీ ఒకటే గోంగూర పచ్చ అయ్యాయి. ఖాళీ అయిన డబ్బాల్లో అప్పుడే కొన్నిటిలో ఏలకులు, లవంగాలు కూడా చేరాయి.

నాకు కోపం వస్తే ఇల్లు ఎగిరిపోతుంది. కానీ అత్తగారి మీద అరవడానికి లేదు. ఎదురుపడి మాట్లాడనివాణ్ణి ఎదురుపడి ఎలా అరుస్తాను? మా ఆవిడకి ఫోన్ చేశాను. పేషెంటుతో ఉందేమో ఎత్తలేదు. వాయిస్‌మెయిల్‌లో అరిచాను. "మీ అమ్మగారు నా రంగులన్నీ కలిపేసి ముద్దపప్పు చేశారు! పదకొండూ పదహారూ ఇరవై రెండూ ఒకటేనా? రేపు నా మందులు కూడా తెల్లవన్నీ ఒక సీసాలో పోస్తారు! కాస్త చెప్పు!" ఇంకా చాలా అన్నాను. అన్నదంతా వంటింట్లోకి స్పష్టంగా వినపడుతుందని తెలిసే అన్నాను.

వంటింట్లోంచి ఆవిడ మ్యాగ్‌పైతో అంది: "చూశావుటే కాకీ, పచ్చరంగు పచ్చరంగు గాక పసుపవుతుందేవిటే? చెట్టుకి ఎన్ని రంగులుంటాయేవిటి?"

"పెరట్లోకి వెళ్ళి చూడమను ఎన్ని రంగులుంటాయో!" అన్నాను నేను, అదే పక్షితో. అది రెక్కలు దులుపుకుని గోడ మీదకి ఎగిరింది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, కారులోనే ఆ మెసేజ్ మొత్తం విన్నానని, నవ్వలేక రోడ్డు పక్కన బండి ఆపుకున్నానని చెప్పింది. నేను కూడా నవ్వేవాణ్ణే. అంతలో మా అత్తగారు గదిలోంచి వచ్చి గోడవైపు తిరిగి నిలబడింది.

"నా వల్ల అబ్బాయిగారి బొమ్మ పాడయింది. తెలియక చేశాను. నాకు అంకెలు బాగా కనపడతాయి గనక దగ్గరుండి ఆ బొమ్మ పూర్తి చేయిస్తాను. అది అవ్వగానే నన్ను పంపించెయ్యండమ్మా. తమ్ముడికి ఫోన్ చేసి టిక్కెట్టు చూడమను" అంది.

మా ఆవిడ నవ్వు అక్కడితో ఆగిపోయింది. నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపులో తిట్లు లేవు. ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్న కాఫీ అవగానే మా అత్తగారు ఒక కుర్చీ తెచ్చుకుని బల్ల చివర వేసుకుంది. నాకు ఎదురుగా కాదు, పక్కగా. మొహం కిటికీవైపు, కళ్ళు మాత్రం కాన్వాసు మీద. ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్ళజోడు పెట్టుకుంటే సూదిలో దారం నేను అడిగేలోపు ఎక్కించేస్తుంది. అంకెలన్నీ చకచకా చదివేసింది. "ఇంటెనక చెట్టులో పైన పదకొండు, దాని పక్కన ఇరవై రెండు, కింద మళ్ళీ పదకొండు" అని కిటికీకి చెప్పేది. నేను కుంచె ముంచేవాణ్ణి.

ఇక రంగుల సంగతి. పచ్చలన్నీ ఒకటైపోయాయి కదా, వాటిని మళ్ళీ విడదీయాలి. కాస్త తెలుపు వేస్తే లేత పచ్చ, కాస్త నలుపు వేస్తే ముదురు పచ్చ అని నేను లెక్కలు వేశాను. అలా కాదు, పసుపు వెయ్యమని ఆవిడ కాకితో కబురు చేసింది. ఇద్దరం పోటీపడి చెరో రకంగా కలిపాం. నాది బురదలా వచ్చింది. ఆవిడది ఆవకాయ నూనెలా వచ్చింది. చివరికి రెండూ కలిపి ఒక చెట్టుకి వేశాం. ఆ చెట్టు ఏ దేశంలోనూ ఉండదు. మా ఆవిడ మాత్రం మొత్తం బొమ్మలో అదే బాగుందంటుంది.

అలా మొదలైన పని రోజూ సాగింది. పొద్దున్నంతా బొమ్మ. మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగి చల్లబడ్డాక మళ్ళీ కాసేపు. మధ్యలో ఆవిడ కబుర్లు. అంకెలు చదువుతూ చదువుతూ, ఏ పదమూడు దగ్గరో ఆగి, "ఓసే కాకీ, మా మావగారు ఎంత పిసినారో తెలుసుటే" అని మొదలుపెట్టేది. ఆ మావగారు అతిథులొస్తే పెరటి తలుపు గుండా బయటికి వెళ్ళి, వీధి గుమ్మంలోంచి తనూ అతిథిలాగా వచ్చి కూర్చునేవాడట, తనూ అతిథే అయితే మర్యాదల ఖర్చు తన మీద పడదు కదా అని. నేను నవ్వాపుకోలేక కుంచె జార్చి ఆకాశంలో ఒక పచ్చ గీత గీశాను. ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంత సరదా మనిషి ఇన్నేళ్ళూ తలుపు వెనక నిలబడి గారెల సంగతే మాట్లాడిందా అని నాకు ఆశ్చర్యమేసింది. కాస్త బాధ కూడా వేసింది.

రోజులు గడిచేకొద్దీ నాకు ఒక భయం పట్టుకుంది. బొమ్మ అయిపోతోంది. చెట్లయ్యాయి. వాగయింది. అది అయిపోతే ఆవిడ వెళ్ళిపోతుంది. మా ఆవిడ మొహం చూడలేనన్నది ఒక కారణం. కానీ అసలు మాట చెప్పేస్తాను: ఆవిడ లేకపోతే నా పొద్దున్నలు ఎలా గడుస్తాయో నాకు తెలియలేదు. అందుకని నెమ్మదించాను. కుంచె పాడయిందని ఒకరోజు ఆపాను. గాలిలో తేమ ఎక్కువగా ఉంది, రంగు ఆరదని ఇంకోరోజు ఆపాను. పెర్త్ ఎండాకాలంలో గాలిలో తేమ ఉందని చెప్పిన ఇంజినీరుని నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆవిడ ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. "తేమేనంటావుటే కాకీ?" అని మాత్రం అంది, బయట మండిపోతున్న ఎండని చూస్తూ.

మా ఆవిడ రాత్రి భోజనాల దగ్గర, "ఇంకా అవ్వలేదా?" అనేది.

"ఇంకా బోలెడుంది" అనేవాణ్ణి.

ఎంత సాగదీసినా ఆకాశం ఎంతసేపు వేస్తాం? ఒకరోజు అదీ అయిపోయింది. కుంకుమ వేలిముద్ర మాత్రం రెండు పూతలు వేసినా నీలంలోంచి లీలగా కనిపిస్తూనే ఉంది. సూర్యుడనుకుంటారులే అనుకుని వదిలేశాను. ఆ రోజు సాయంత్రమే కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వచ్చే నెలలో టిక్కెట్లు ఉన్నాయట, ఏ తారీఖు చెయ్యమంటారని. "ఏదో ఒకటి చూడు నాయనా" అంది మా అత్తగారు. మా ఆవిడ అప్పటికే కడిగిన గిన్నెల్ని మళ్ళీ కడుగుతూ నిలబడింది.

మర్నాడు పొద్దున్న, మా ఆవిడ క్లినిక్‌కి వెళ్ళాక, కాన్వాసుని వరండాలోకి తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టి ఫోటో తీశాను. మా అమ్మాయికి పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది. చాలా బాగుంది డాడ్ అని మొదలుపెట్టి, కానీ బోలెడు గళ్ళు వదిలేశారు చూడండి అని, నా ఫోటో మీదే ఎర్ర సున్నాలు చుట్టి పంపింది. ఒకటి కాదు. వాగు నీళ్ళలో, ఇంటి కిటికీ అద్దాల్లో, బాతుల రెక్కల కింద, మబ్బు అంచుల్లో, ఎక్కడ చూస్తే అక్కడ సున్నాలే.

బొమ్మ మీదికి వంగి చూశాను. ఎండ వెలుగులో నాకూ కనిపించాయి. తెల్లతెల్లగా, రంగు తగలని గళ్ళు. ఫోన్లో ఫోటోని పెద్దది చేసి ఒక్కొక్కటే చదివాను. అన్నిటిలోనూ ఒకే అంకె. పందొమ్మిది.

ఇంట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ వెతికాను. పందొమ్మిదో నంబరు లేదు. ఎప్పుడో ఒకసారి అది ఏదని అడిగితే, నీలాల్లో కలిసిపోయిందని ఆవిడ కాకితో చెప్పిన సంగతి గుర్తొచ్చింది. అలా కలిసిపోతే మాత్రం? పదకొండు కలిసిపోయినా చదివింది, ఇరవై రెండు కలిసిపోయినా చదివింది. పందొమ్మిది ఒక్కసారి కూడా ఆవిడ నోట రాలేదు. సూదిలో దారం ఎక్కించే మనిషికి ఇన్ని పందొమ్మిదులు కనపడలేదా?

ఆవిడ జాలీ తలుపు దగ్గర నిలబడి అన్నం పెడుతోంది. మ్యాగ్‌పై తింటోంది.

"పందొమ్మిదో నంబరు డబ్బా ఎక్కడుందో అడుగు" అన్నాను, అలవాటు ప్రకారం దానితోనే.

అది ఆఖరి మెతుకు నోట కరుచుకుని ఎగిరిపోయింది. మా ఇద్దరి మధ్యా ఇక ఎవరూ లేరు. ఆవిడ బొడ్డులో దోపుకున్న చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మూత మీద పందొమ్మిది. సీలు కూడా తియ్యలేదు.

"అది కూడా వేసేస్తే బొమ్మ పూర్తయిపోతుంది గదండీ" అంది.

నాతో అంది. నేరుగా, నాతోనే.

"మీకు ఇక్కడ ఉండాలనే ఉందా అత్తయ్యగారూ?"

ఆవిడ ఆ డబ్బాని బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది.

"మరి ఉంటానని చెప్పచ్చు కదండీ. మీ అమ్మాయి రోజూ అడుగుతూనే ఉంది."

"అది నా కడుపున పుట్టింది. అది అడక్క చస్తుందా?" అంది. "అల్లుడుగారింట్లో ఉంటానని నా నోటితో నేనెలా అంటానండీ? ఇంటాయన అడగాలి గదా."

"నేనూ ఉండమనే అన్నాను. మీ అమ్మాయితో చెప్పాను."

"'ఉండమనవే, నేను వద్దన్నానా' అన్నారు. నా గది వంటింటి పక్కనే గదండీ, విన్నాను. వద్దనకపోవడం, ఉండమనడం ఒకటేనా అల్లుడుగారూ?"

నా ఉద్యోగంలో ఎంతమందో నన్ను నిలబెట్టి ప్రశ్నలడిగారు. ఇలాంటిది ఎవరూ అడగలేదు. నేను ఏళ్ళ తరబడి మర్యాద అనుకున్నదాంట్లో అడగాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. దానికోసం ఆవిడ ఎదురుచూస్తోందని నాకు తట్టనే లేదు. వేరేవాళ్ళ చేత అడిగిస్తే చాలనుకున్నాను.

"అత్తయ్యగారూ" అన్నాను. "మీరు వెళ్ళొద్దు. ఇక్కడే ఉండండి. మీ అమ్మాయి కోసం కాదు, నేను అడుగుతున్నాను. మీరు లేకపోతే నాకు ఏమీ తోచదు."

ఆవిడ కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఏమీ చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. ఇదేమిటి, ఉంటుందో లేదో చెప్పదేమిటని నాకు కంగారుగా ఉంది. అడిగితే మళ్ళీ ఏం తప్పవుతుందోనని భయం. గారేజీలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తూ అటూ ఇటూ తిరిగాను.

అప్పుడు ఫోన్లో ఆవిడ గొంతు వినపడింది. కాకినాడకి. మామూలుగా ఆవిడ ఫోన్లో మెల్లగా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం పొరుగింటి ఆస్ట్రేలియన్లకి కూడా వినపడేలా మాట్లాడింది.

"టిక్కెట్టు వద్దురా నాయనా. నేనింక రాను. మీ బావగారు ఉండమన్నారు" అని, అటునుంచి ఏమడిగాడో, కాస్త ఆగి, ఇంకా గట్టిగా అంది: "కాదురా, అక్క చేత చెప్పించలేదు. నా మొహం చూసి, నోరు తెరిచి అడిగారు."

నేను గారేజీలో నిలబడి అదంతా విని, ముక్కు చీదుకుని, లోపలికి వెళ్ళాను.